నౌకరి ఇప్పించేటోళ్ళతో మన వరస

ఈ నెల బీడీ కార్మికుల పింఛను గురించి రాస్తానని పోయిన నెల చెప్పిన. అది వచ్చే నెల రాస్తా. ఈ నెల నా తప్పు ఒకటి రాయాల్సి వచ్చింది.

మా గల్లిల ఒక ఆడబిడ్డ ఉన్నది. నన్ను పెద్దబాపు అని పిలుస్తది. భర్త చనిపోయి చాలా ఏండ్లయింది. పొద్దుగాల చాట ఒళ్ళె పెట్టుకుంటే చీకటి పడేదాక బీడీలు చుడతది. అట్లనే కొడుకును బి.కాం. చదివించింది. ఎండకాలంల ఒకనాడు వచ్చి, "పెద్దబాపూ, పూణెల కంపెనీల నౌకరి ఉన్నదట. ముందుగాల 18,000 కట్టమంటున్నరు. ట్రైనింగుకట, డిపాజిటట. ఏం చెయ్యమంటవు?" అని అడిగింది. నేను అరుగు మీద కూసుండి చాయ తాగుతున్న. తల కూడ ఎత్తకుండ, "ఇయ్యనిదే ఎవడిస్తడు బిడ్డా, మా కాలంల మేము ఇయ్యలేదా" అన్న.

ఆ మాట పట్టుకొని ఆమె చెవుల కమ్మలు కుదువబెట్టింది. పైసలు ఫోన్ల పంపిండ్రు. పిల్లగాడు చెప్పిన తారీఖుకు పూణె పోయిండు. మూడో అంతస్తుల ఒక అర్ర, దానికి తాళం. కింద వాచ్‌మన్‌ను అడిగితే, "నిన్నటి నుంచి నువ్వు పదకొండోనివి" అన్నడట. ఫోను బందు. పిల్లగాడు రాత్రి స్టేషన్ల పండుకొని తెల్లారి తిరిగొచ్చిండు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అంటేనే బాగుండు.

నా నోట ఆ మాట ఎందుకొచ్చిందో మీకు చెప్పాలె. మన పాతోళ్ళందరి నోట అదే మాట ఉన్నది కాబట్టి చెప్పాలె.

నేను 1978ల మిల్లుల బదిలీ కామగారుగ పడ్డ. అప్పటికి నాకు పద్దెనిమిది ఏండ్లు. బదిలీ అంటే పిల్లలకు తెల్వదు. మన పేరు మీద సాంచె ఉండదు. ఎవరన్న ఖాడా చేస్తే ఆ రోజు మట్టుకు ఆయన సాంచె మనకు. మొదటి పాళి భోంగ మోగకముందే పోయి గేటు కాడ నిలబడాలె. యాభై మంది నిలబడితే పది మందికి పని. ఆ పది మందిని ఏరేది ముకాదం. జాబర్ అని కూడ అనేటోళ్ళు. ఆయన కంట్ల పడాలని మేము ముందుకు జరుగుడు, నూనె పెట్టి తల దువ్వుకొని పోవుడు. ఇప్పుడు తలుసుకుంటే నవ్వొస్తది గని అప్పుడు నవ్వు రాకపోతుండె. పని దొరకని రోజు పూర్వభాగం దాక నడుచుకుంట ఇంటికొస్తే, మా అమ్మ ముఖం చూసి ఏమీ అడగకపోతుండె.

ఈ ముకాదం పద్ధతి మన సోలాపూర్‌ల పుట్టింది కాదు. బొంబాయి మిల్లులు మొదలైనప్పటి నుంచీ ఉన్నదే. యజమానికి మరాఠి, తెలుగు, హిందీ మాట్లాడే ఊరి జనం తెల్వదు. ఎవడు పనిమంతుడో తెల్వదు. అందుకే మధ్యల ఒక మనిషిని పెట్టిండ్రు. మనిషిని తెచ్చేది ఆయనే, పని చేయించేది ఆయనే, తీసేసేది ఆయనే. ఊరి నుంచి రైలు దిగినోనికి ఇంటి ఆసరా చూపేది, అప్పు ఇప్పించేది కూడ ఆయనే. ఇన్ని అధికారాలు ఒక్కని చేతుల ఉంటే ఏమైతదో అదే అయింది. పని ఇచ్చినందుకు పైసలు తీసుకునుడు. దానికి దస్తూరి అని పేరు. తెల్లోళ్ళ కాలంల కార్మికుల మీద పెద్ద కమిషను వేస్తే, 1931ల వచ్చిన దాని రిపోర్టుల కూడ ఈ జాబర్ల చేతి నుంచి భర్తీ తీసెయ్యాలె, లేబర్ ఆఫీసరును పెట్టాలె అని రాసిండ్రు. 1935ల బొంబాయి మిల్లు యజమానులు బదిలీ కార్డు పద్ధతి తెచ్చిండ్రు. కార్డు ఉన్నోనికే వరసగ పని ఇయ్యాలె అని.

కాయితం మీద అంతా బాగనే ఉన్నది. నేను పడ్డప్పుడు నాకు కూడ కార్డు ఉండె. లేబర్ ఆఫీసరు కూడ ఉండె. అయినా గేటు కాడ ముకాదం కనుసైగే నడుస్తుండె. దసరాకు ఒక ధోతి, ఇంట్ల కోడి కోస్తే ఒక గిన్నె, పగారు రోజు చేతుల ఎంతో కొంత. ఎవరూ అడిగినట్టు ఉండదు, ఎవరూ ఇచ్చినట్టు ఉండదు. అట్ల ఇచ్చి ఇచ్చి, నౌకరి అంటే ముందు ఇయ్యాలె అన్నది మన రక్తంల కలిసిపోయింది. మిల్లులు పోయినయి, ఆ మాట పోలేదు. నేను దాన్నే మొన్న అరుగు మీద కూసుండి ఆ బిడ్డ చేతుల పెట్టిన.

అయితే ముకాదంలంత చెడ్డోళ్ళని రాస్తే నాకు పాపం తగులుతది. నాకు పని ఇచ్చినాయనది కరీంనగర్ దిక్కు ఊరు. మామా అని పిలిచేటోన్ని. దస్తూరి తీసుకునేటోడు, అబద్ధమెందుకు. గని పని రానోన్ని పైసలు తీసుకొని నిలబెట్టకపోతుండె. నాకు నాలుగు సాంచెల మీద చెయ్యి కుదిరిందని చూసి, రాత్రి పాళిల ఒకటే చోట వరసగ పని ఇచ్చుడు మొదలుపెట్టిండు. పర్మనెంటుకు అదే తొవ్వ. మాస్టరు ముందు నా పేరు ఎత్తిండు.

సరిగ్గ అప్పుడే ఊర్ల మేనమామ బిడ్డ పెండ్లి వచ్చింది. రెండు రోజులని పోయిన. ఎవరికీ చెప్పలేదు. చెప్తే వద్దంటడని చెప్పలేదు. ఆరు రోజులున్న. ఇక్కడ మొదటి రాత్రి నా నాలుగు సాంచెలు తెల్లారిందాక ఊకనే నిలబడ్డయి. ముకాదం నేను వస్త వస్త అని చూసి ఇంకొకన్ని పెట్టలేదు. పొద్దున మాస్టరు పది మంది ముందు ఆయన్ను నానా మాటలన్నడు. "నీ మనిషేడి?" అని అడిగిండట.

నేను తిరిగొచ్చి గేటు కాడ నిలబడితే ఆయన నన్ను చూడలేదు. తిట్టలేదు, కొట్టలేదు. నా మీది నుంచి వెనుక ఉన్నోన్ని చూసేటోడు. ఏడు నెలలు అట్లనే పోయింది. నడుమ నడుమ ఎవరో వేరే ఖాతాల పని ఇస్తే నెలకు ఆరేడు రోజులు. నాకు కోపం. ఇంత దస్తూరి తిని ఒక్క తప్పుకు ఇంత చేస్తడా అని. కోడి ఇచ్చిన, ధోతి ఇచ్చిన అని లెక్కలు తీసేటోన్ని.

ఆఖరికి మా అమ్మ అన్నది: "నువ్వు ఇచ్చిన ధోతి చినిగిపోయి ఉంటది. ఆయన పోయిన ఇజ్జతు సంగతేంది? పోయి చెప్పు." ఒక ఐతారం పొద్దున పోయిన. ఖాలీ చేతులతోటే పోయిన, అమ్మ ఏమీ తీసుకపోవద్దన్నది. ఆయన వాకిట్ల కూసుండి గడ్డం గీసుకుంటున్నడు. తప్పయింది మామా అన్న. ఆయన అద్దంల నుంచే చూసి, "రాకుంటే రాకు. రానని చెప్పు. చెప్తే నేను ఇంకొకన్ని నిలబెట్టుకుంట. నా నోరు ఎందుకు పోగొడ్తవు?" అన్నడు. అంతే. మంగళారం రాత్రి పని ఇచ్చిండు. 1981ల పర్మనెంటు అయిన.

నాకు ఆనాడు అర్థమైంది ఇది. ఆయనకు నేనిచ్చిన కోడి అసలు లెక్కలనే లేదు. మాస్టరు ముందు ఆయన మాట నిలబడుడు, అదే ఆయన కూడు. నేను దాన్ని పోగొట్టిన. అంత అర్థమైనా మరి నలభై ఏండ్ల తర్వాత ఆ బిడ్డకు పైసలు కట్టుమనే చెప్పిన, చూడుండ్రి మనిషి బుద్ధి.

ఇప్పుడు గేటు లేదు. ఫోనున్నది. మా మనుమరాలు పూణెల హడప్సర్ దిక్కు పని చేస్తది. దానికి పని దొరికింది ఒక కన్సల్టెన్సీ పిల్ల వల్ల. రిక్రూటర్ అంటరు. నేను ఆ పిల్లను ఫోన్ల మాటలు వినుడే గని చూడలేదు. మొదట మా మనుమరాలు కూడ అట్లాంటి ఫోన్లు వస్తే కట్ చేసేది. ఇద్దరు ముగ్గురు పిల్లలు నా ముందటే కట్ చేసిండ్రు, "దలాల్లు తాతా, వీళ్ళతోని ఏం పని" అని. ఒకే గల్లిల చూడుండ్రి, ఒక ఇంట్ల దొంగకు పైసలు కట్టిండ్రు, ఇంకో ఇంట్ల నిజమైనోళ్ళ ఫోను కట్ చేసిండ్రు.

ఇద్దరిని ఎట్ల గుర్తుపట్టాలె అంటే, వాళ్ళకు పైసలు ఎక్కడి నుంచి వస్తయో తెలుసుకుంటే సాలు. నేను మనుమరాలిని కూసుండబెట్టి అడిగి తెలుసుకున్న. కంపెనీకి మనిషి కావాలె. వెతికేటందుకు వాళ్ళకు తీరిక లేదు. కన్సల్టెన్సీకి చెప్తరు. మనిషి పనిల చేరితే కంపెనీయే కన్సల్టెన్సీకి పైసలిస్తది. చాలా చోట్ల ఏడాది పగారుల నూటికి 8 రూపాయల చిల్లర, అంటే ఇంచుమించు ఒక నెల పగారంత. మనిషి రెండు మూడు నెలల్నే వెళ్ళిపోతే ఇంకొకన్ని ఉట్టిగ తెచ్చియ్యాలె అని కరారు ఉంటది. మరి ఆ పిల్లకు మన నుంచి పైసలెందుకు? మనం చేరుడు, చేరి నిలబడుడే ఆమెకు కావాలె. పిల్లగాని నుంచి ట్రైనింగు, డిపాజిటు, యూనిఫారం, ల్యాప్‌టాప్ అని ఏ పేరు మీద ముందుగాల పైసలు అడిగినా, వానికి మనిషి చేరుడుతోని పని లేదు, ఆ పైసలతోనే పని. ఇంత చిన్న ముచ్చట నాకు ఎండకాలంల తెలిసి ఉంటే ఆ బిడ్డ కమ్మలు చెవులకే ఉండేవి.

కంపెనీల లోపలనే ఉండి మనుషులను తీసుకునేటోళ్ళు కూడ ఉంటరు, హెచ్.ఆర్. అంటరు. వాళ్ళది నెల పగారు. వాళ్ళకూ మన పైసలు అక్కర లేదు.

మా మనుమరాలి ముచ్చటకొస్తా. దానికి మొదట మూడు నెలలు ఒక్క మంచి ఫోను రాలేదు. బయోడేటల వచ్చిన భాషలని మరాఠి, హిందీ, ఇంగ్లీషు రాసుకున్నది. తెలుగు రాయలేదు. ఎందుకు రాయలేదే అంటే, "చదువ రాదు కదా తాతా, సిగ్గు" అన్నది. ఇంట్ల పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాష రాసుకునేటందుకు సిగ్గట! హైదరాబాదు, విజయవాడ గిరాకీలతోని ఫోన్ల మాట్లాడేటందుకు తెలుగు వచ్చినోళ్ళను పూణె కంపెనీలు వెతుకుతుంటయని ఆ రిక్రూటర్ పిల్లే చెప్పింది. మాట్లాడుడు వచ్చు, చదువుడు రాదు అని ఉన్నదున్నట్టు రాయమన్నది. రాసిన పది రోజులకు ఇంటర్వ్యూ వచ్చింది. మన పిల్లలందరూ ఈ పని ఇయ్యాల్నే చేయుండ్రి. సోలాపూర్ల, భివండిల, ఇచల్‌కరంజిల మన పిల్లలకు ఉట్టిగ దొరికిన భాష ఇది. దాని మీద ఒక పూట కూడు దొరుకుతది.

ఇంటర్వ్యూ అయింది, తారీఖు ఇచ్చిండ్రు. చేరేటందుకు రెండు రోజుల ముందు ఇంకో కంపెనీ నుంచి నెలకు మూడు వేలు ఎక్కువ అని పిలుపొచ్చింది. పిల్ల అటే పోత అన్నది. పొమ్మన్న, మూడు వేలు ఎవరికి చేదు? మరి ఆ రిక్రూటర్‌కు చెప్పినవా అంటే, "ఫోను ఎత్తకుంటే ఆమెకే అర్థమైతది" అన్నది. వాళ్ళ దోస్తులందరూ అట్లనే చేస్తరట. నాకు ఒక్కసారి ఆ నాలుగు సాంచెలు కండ్ల ముందు నిలబడ్డయి. పెండ్లికి పోయిన సంగతి, ఏడు నెలల సంగతి మొత్తం చెప్పిన. ఇంట్ల ఎవరికీ అంతకుముందు చెప్పలేదు. మా ఇంటామె కూడ ఆనాడే విన్నది.

పిల్ల నా ముందటే ఫోను చేసింది. "మేడం, నాకు వేరే చోట ఎక్కువ పగారుకు వచ్చింది, నేను చేరలేను, మీకు ముందే చెప్తున్న" అని. అవతల ఆ పిల్ల కొద్దిసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కోపంగనే, "రెండు రోజుల ముందు చెప్తే ఎట్ల?" అన్నది. మన పిల్ల పడ్డది, ఎదురు మాట్లాడలేదు. తన తోటి చదివిన ఇంకొక పిల్ల పేరు చెప్పింది, తెలుగు మాట్లాడుతది, ఖాళీగ ఉన్నది అని. ఆ పిల్ల ఇంటర్వ్యూకు పోయింది గని తీసుకోలేదు. తర్వాత ఏడాదిదాక ఆ రిక్రూటర్ నుంచి ఏ ఫోనూ లేదు. పండుగలకు మా మనుమరాలు మెసేజి పెడితే ఒక్కోసారి జవాబు వచ్చేది, ఒక్కోసారి రాకపోయేది. నేను చెప్పిందంత ఉట్టిదే అనుకున్నదేమో మనసుల. మూడు వేలు ఎక్కువ ఇచ్చిన కంపెనీ పోయిన దసరా ముందట ఆ పనే ఎత్తేసింది. అప్పుడు ఫోను చేస్తే ఆ రిక్రూటర్ కన్సల్టెన్సీ వదిలి ఒక కంపెనీల చేరి ఉన్నది. "నువ్వు చెప్పి మానేసిన పిల్లవు కదా" అని గుర్తుపట్టింది. ఇప్పుడు మా మనుమరాలు చేసేది ఆ కంపెనీలనే. ప్రతి పిల్లకు ఇట్లనే జరుగుతదని నేను రాయను. వందల మందికి ఫోన్లు చేసేటోళ్ళు అందరినీ యాది పెట్టుకోరు. బయోడేట తీసుకొని మళ్ళ పలుకనోళ్ళే ఎక్కువ, దానికి మొగడు చచ్చినట్టు ఏడ్వద్దు.

వాళ్ళతోని మాట్లాడేటప్పుడు పగారు సంగతి దాచిపెట్టకుండ్రి. ఇప్పుడు వచ్చేది 14,000 అయితే 20,000 అని చెప్పి, తర్వాత పగారు చిట్టి అడిగితే నీళ్ళు నములుతున్నరు మన పిల్లలు. చిట్టి, బ్యాంకు పుస్తకం అడుగుతరు, దాగదు. కావాల్సింది ఎంతో అది వేరే అడుగుండ్రి. పాత కంపెనీ ఎన్ని రోజుల నోటీసు అడుగుతదో ముందే చెప్పుండ్రి. రాత్రి పాళి చేయలేమంటే అది కూడ ముందే. నౌకరి దొరికినాక కూడ ఏడాదికి రెండు మూడు సార్లు పలకరించుండ్రి. అవసరం పడ్డనాడే మామా అనేటోన్ని మామ కూడ గుర్తుపడ్తడు.

మిల్లు మూతపడ్డప్పుడు నేను ఇది కండ్లారా చూసిన. 1982 జనవరి 18న బొంబాయిల సమ్మె మొదలై మిల్లులు లేచిపోతే అక్కడి మనోళ్ళు భివండి సాంచెలకు పోయిండ్రు. మాకు ఆ గతి తొంభైలల్ల పట్టింది. ఒకే మిల్లును, ఒకే ముకాదంను పట్టుకొని ఉన్నోళ్ళు ఏండ్లకేండ్లు బకాయిల కోసం తిరిగిండ్రు. నాకు టవలు కార్ఖానల పని ఇప్పించింది ఆ పాత ముకాదమే. అప్పటికి రిటైరై ఇంట్ల ఉండె. ఐతారం ఐతారం పోయి కూసుండేటోన్ని, పని కోసం కాదు, ఆయన చెప్పే ముచ్చట్లు బాగుండేవి. వాళ్ళ అల్లుని దోస్తు అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.ల ఫిట్టరు. ఆయనతో చెప్పిండు. దానికి దస్తూరి తీసుకోలేదు.

ఎం.ఐ.డి.సి. పేరు వచ్చింది కాబట్టి ఠేకేదార్ల సంగతి. పూణె పోకుండ ఇక్కడనే, లేకుంటే చాకణ్ దిక్కు కార్ఖానలల్ల, మన పిల్లలు ఎక్కువ చేరేది ఠేకేదారు కిందనే. ఈయన నిజంగ ముకాదం తమ్ముడే. పని ఇప్పించి ఊకోడు, పగారు కూడ ఈయన చేతి నుంచే వస్తది. ఈయనతోని మంచిగ ఉండుండ్రి, గని పుస్తకం పెట్టుకొని ఉండుండ్రి. చేరిన రోజు, పాళి, ఓవర్‌టైము మీ చేతితోటి రాసుకోండ్రి. పగారుల పి.ఎఫ్. అని నూటికి 12 కోస్తే అంతనే ఆయన కూడ కలపాలె. నెల పగారు 21,000 లోపుంటే ఇ.ఎస్.ఐ. ఉంటది, దానికి మన నుంచి కోసేది నూటికి ముప్పావు రూపాయే. పి.ఎఫ్. కోస్తున్నడు గని కడ్తున్నడా లేదా అన్నది ఆయన్ను అడిగి కొట్లాడాల్సిన పని లేదు. మీ పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరుకు కలిపిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే మెసేజి వస్తది, కిందటిసారి ఎంత జమైందో అందుల ఉంటది. రాకుంటే అప్పుడు అడుగుండ్రి, "అన్నా, జమ కాలేదు, ఒకసారి చూడు" అని. ముందుగాల మెత్తగనే. ఠేకేదారు పగారు ఎగ్గొడితే ఆ పగారు ఇచ్చే బాధ్యత అసలు కార్ఖానాదే అని చట్టంల ఉన్నది, 1970ల ఠేకా కార్మికుల చట్టం నుంచీ ఉన్నది. కార్ఖానా గేటు పాసు, జిరాక్సులు పారెయ్యకుండ్రి. అక్కడ పని చేసినవని చూపేది అవే.

పేరు సంగతి మన ఇండ్లల్ల పెద్ద తలనొప్పి. మన దిక్కు బడి సర్టిఫికెట్ల ఇంటిపేరు ముందు, తర్వాత పిల్లగాని పేరు, తర్వాత తండ్రి పేరు. ఆధారుల ఇంకో తీరు. మన తెలుగు ఇంటిపేరును మరాఠి మాస్టరు ఒక తీరు రాస్తడు, బ్యాంకుల ఇంకో తీరు కొడ్తరు. ఒక్క అక్షరం తేడాకు పి.ఎఫ్. పైసలు ఆగినోళ్ళు మా గల్లిలనే ఉన్నరు. రిక్రూటర్ కాయితాలు అడిగినప్పుడు దిద్దుకుంటమంటే పని చేజారుతది. ఖాళీగ ఉన్నప్పుడే ఒక్క తీరుగ చేయించుకోండ్రి.

కుట్టు పని ఆడోళ్ళకు ఒక్క మాట. స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానలకు గల్లిల ఎవరో ఒక బాయి పది మందిని జమ చేసి తీసుకపోతది. ఆమె కూడ ముకాదమే. పీసుకు ఎంతో, పైసలు ఏ రోజో పోకముందే అడగండ్రి. మొఖమాటపడి నెల తర్వాత కొట్లాడుడు కంటె అది నయం.

గల్ఫుకు పోయేటోళ్ళది వేరే లెక్క. అక్కడ పైసలు అసలే ఇయ్యొద్దని నేను అనలేను, ఎందుకంటే సర్కారే ఒక హద్దు పెట్టింది. రిజిస్ట్రేషను ఉన్న ఏజెంటు తన ఫీజు కింద 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. తీసుకోవచ్చు. అంతకు మించి తీసుకోవద్దు, తీసుకున్నదానికి పావతి ఇయ్యాలె. ఏజెంటుకు రిజిస్ట్రేషను ఉన్నదా లేదా అని ఈ-మైగ్రేట్ అనే సర్కారు సైటుల చూసుకోవచ్చు. సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు మన చుట్టాలు లక్ష, లక్షన్నర అని ఊరి సబ్ ఏజెంట్ల చేతుల పోస్తున్నరు. ఆ సబ్ ఏజెంటుకు కాయితం ఉండదు. తెలంగాణ సర్కారుదే టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉన్నది, విదేశాల పనులకు అదే మనుషులను పంపుతది. ఊర్ల ఉన్న చుట్టాలకు చెప్పుండ్రి.

ఆ బిడ్డ సంగతి. తాళం చూసొచ్చిన పిల్లగాడు సిగ్గుతోని ఎనిమిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఫోన్ల పైసలు పోతే 1930 నంబరుకు వెంటనే చెయ్యాలె. పోయిన గంటల్నే చేస్తే, దొంగ తీయకముందే ఆ ఖాతా ఆపే వీలుంటది. మాకు అప్పటికే ఆలస్యమైంది. అయినా ఫిర్యాదు రాయించినం. పోలీసు స్టేషన్ల నేనే ఆమె పక్కన కూసున్న. "ఎవరు చెప్తే కట్టినవమ్మా?" అని అడిగిండ్రు. ఆమె నా దిక్కు చూడలేదు. "నేనే కట్టిన సాబ్" అన్నది. నేను చెప్తే కట్టింది సాబ్ అని నేను చెప్పిన. ఆయన ఒకసారి నా తెల్ల వెంట్రుకలు చూసి ఏమీ రాసుకోలేదు. పైసలు ఇంకా రాలేదు. కమ్మలకు మిత్తి నెల నెలా నేను కడుతున్న, అసలు కూడ సగం నేనే కడతనని చెప్పిన. ఆమె వద్దంటది, నేను వింటలేను.

పిల్లగాని బయోడేట మా మనుమరాలు దిద్దింది, తెలుగు రాయించింది, ఇద్దరు రిక్రూటర్లకు పంపింది. ఒకరు పలికిండ్రు. ఈ బుధవారం పూణెల ఇంటర్వ్యూ, పైసలు అడగలేదు. పొద్దుగాల హుతాత్మ రైలుకు టికెటు కూడ తీసినం. సోమవారం రాత్రి వాళ్ళమ్మకు జ్వరం ఎక్కువై దవాఖానల చేర్చినం. నేను పోయేసరికి పిల్లగాడు దవాఖాన మెట్ల మీద నిలబడి ఫోన్ల మాట్లాడుతున్నడు: "మేడం, అమ్మను దవాఖానల చేర్చినం, బుధవారం రాలేను. ఇప్పుడే చెప్తున్న, నా జాగల ఇంకొకరిని పిలుచుకోండ్రి. శుక్రవారం ఉంటే నేను వస్త." అవతల ఏమన్నరో నాకు వినబడలేదు. వాడు సరే మేడం, సరే మేడం అనుకుంట జేబుల పెన్ను కోసం వెతుకుతున్నడు. నా పెన్ను ఇచ్చిన.